మొదటి పాఠంలోనే షాట్లన్నీ కిందికీ ఎడమకీ పోతున్నాయి: 9 ఎంఎం పిస్టల్ సందేహాలు

ప్లానో_పద్మ

నమస్కారమండీ. డాలస్ దగ్గర ఉంటాం. నేనూ మావారూ గ్రీన్‌కార్డు మీద ఉన్నాం. ఇద్దరికీ తుపాకీ పట్టుకోవడం ఇదే మొదలు. ఇండోర్ రేంజ్‌లో ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర విడివిడిగా పాఠాలు చెప్పించుకుంటున్నాం. ఆయన చాలా నిదానస్తుడు, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడిగినా విసుక్కోడు. కాకపోతే పక్క లేన్ల మోతలో, చెవులకి మఫ్స్ పెట్టుకుని ఉంటే ఆయన చెప్పేది సగమే బుర్రకెక్కుతోంది. అందుకే తెలిసినవాళ్ళని తెలుగులో అడుగుదామనిపించింది.

చిన్న తూటా పడే .22 పిస్టల్‌తో 5 యార్డుల దూరంలో షాట్లు అరచెయ్యంత మేరలో పడుతున్నాయి. గ్లాక్ 17 అనే 9 ఎంఎం పిస్టల్ చేతికివ్వగానే అన్నీ కిందికీ ఎడమకీ జారిపోతున్నాయి. నాది కుడిచేతి వాటం. పక్క లేన్ ఆయన చూసి "సైట్లు (గురి చూసుకునే గుర్తులు) సరిగ్గా లేవు, కాస్త పైకీ కుడికీ గురిపెట్టండి" అన్నారు. నిజమేనా?

ఇంకా కొన్ని. పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడుని వెనక్కి లాగలేకపోతున్నాను. షాటు పేలకముందే ఒళ్ళు బిగుసుకుంటోంది. ఇంట్లో తుపాకీ లేదు, ఇప్పట్లో కొనే ఆలోచనా లేదు. పాఠానికీ పాఠానికీ మధ్య ఏం సాధన చెయ్యొచ్చు? చివరగా, మా మరిది హెచ్1బి మీద ఉన్నాడు. వచ్చేవారం తనూ వచ్చి ఓ పది రౌండ్లు (తూటాలు) కాలుస్తానంటున్నాడు. వెంట తీసుకెళ్ళొచ్చా?

---

రేంజ్_మూర్తి

పద్మగారూ, ఆ పక్క లేన్ ఆయన మాట మాత్రం వినకండి. గురి మార్చుకుంటే తప్పు అలాగే ఉండిపోతుంది, దానిమీద ఇంకో తప్పు చేరుతుంది. సైట్ల మీద అనుమానం ఉంటే అదే తుపాకీ, అదే డబ్బాలోని రౌండ్లు మీ ఇన్‌స్ట్రక్టర్‌కిచ్చి అయిదు షాట్లు కొట్టమనండి. మధ్యలో పడితే తుపాకీలో లోపం లేనట్టే.

కుడిచేతి వాటంవాళ్ళకి షాట్లు కిందికీ ఎడమకీ పోవడం ఈ విద్యలో అందరికన్నా ముందొచ్చే జబ్బు. అది ఎందుకొస్తుందో అర్థమైతే సగం తగ్గుతుంది, కాబట్టి కొంచెం లెక్క చెబుతాను.

గ్లాక్ 17, తూటాలు పెట్టే మ్యాగజైన్ ఖాళీగా ఉన్నప్పుడు దానితో కలిపి ముప్పావు కిలో లోపే ఉంటుంది. దాని ట్రిగ్గర్ వెనక్కి రావాలంటే సుమారు 5.5 పౌండ్లు, అంటే రెండున్నర కిలోల ఒత్తిడి కావాలి. తుపాకీ బరువుకి మూడు రెట్ల పైన ఒత్తిడిని ఒక్క వేలితో పెడుతున్నారన్నమాట. ఆ ఒత్తిడి సూటిగా వెనక్కి కాకుండా ఏ కాస్త పక్కకి మళ్ళినా తుపాకీ కదలక తప్పదు.

ఎంత కదిలితే ఎంత నష్టం? ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం ఈ తుపాకీలో 165 మిల్లీమీటర్లు. 7 యార్డులంటే 6.4 మీటర్లు. వెనక సైటు కదలకుండా ముందు సైటు ఒక్క మిల్లీమీటరు దిగితే టార్గెట్ మీద బుల్లెట్ దాదాపు 39 మిల్లీమీటర్లు కిందికి పోతుంది. 25 యార్డుల్లో అయితే దాదాపు 14 సెంటీమీటర్లు. అదే, సైట్లు రెండూ వరసలో ఉండి, చేతులతో సహా తుపాకీ మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి, బుల్లెట్ కూడా ఒక మిల్లీమీటరే జరుగుతుంది. అందువల్ల చెయ్యి కొంచెం ఊగుతోందని కంగారుపడకండి. ఊగని చెయ్యి ఎవరికీ లేదు. ముందు సైటు వెనక సైటు గాడి మధ్యలో, రెండు పక్కలా సమానంగా వెలుతురు కనిపిస్తూ, పైఅంచులు ఒకే ఎత్తులో ఉన్నంతసేపూ ఆ ఊగుడు నల్లచుక్క చుట్టుపక్కలే తిరుగుతుంది. ఆ ఊగుడు ఆగే క్షణం కోసం ఎదురుచూసి "ఇప్పుడు!" అని ట్రిగ్గర్ గుంజితేనే చెడుతుంది.

.22తో బాగా పడి 9 ఎంఎంతో చెడుతోందన్నారు కదా, రోగం అక్కడే తెలిసిపోతోంది. మీకు గురి కుదిరింది. పేలుడు వస్తుందని ఒంటికి తెలిసిపోయి, ట్రిగ్గర్ విడిపోయే ముందు క్షణంలో మణికట్టు కిందికి నొక్కేస్తోంది, పేలినప్పుడు తుపాకీ వెనక్కి కొట్టే తన్నుని ముందే ఆపాలని. దానితోపాటు చూపుడువేలు కదలగానే మిగతా మూడు వేళ్ళూ పిడికిలి బిగించేస్తాయి. కుడిచేతిలో వేళ్ళు అలా ముడుచుకుంటే తుపాకీ మూతి ఎడమకీ కిందికీ తిరుగుతుంది. ఈ రెండూ మీ కంటికి కనబడవు, ఎందుకంటే ఆ క్షణంలోనే తుపాకీ పేలి, ఎగిరి, అన్నీ కలిసిపోతాయి.

కనబడేలా చేసే మార్గం డమ్మీ రౌండ్లు. పేలుడు మందు, దాన్ని అంటించే ప్రైమర్ లేని ప్లాస్టిక్ లేదా అల్యూమినియం తూటాలు, దుకాణాల్లో స్నాప్ క్యాప్స్ అంటారు. మీరు అటు తిరిగి నిలబడితే ఇన్‌స్ట్రక్టర్ మ్యాగజైన్‌లో నాలుగు అసలువీ రెండు డమ్మీలూ కలిపి ఎక్కిస్తారు. ఏది ఎప్పుడొస్తుందో మీకు తెలియదు. డమ్మీ వచ్చినప్పుడు టిక్ మని చప్పుడొచ్చి ఊరుకుంటుంది. పేలుడు లేదు, తన్ను లేదు, కానీ మూతి మాత్రం రెండంగుళాలు కిందికి దిగుతుంది. అది మీ కళ్ళతో మీరే చూడాలి. ఎవరో చెబితే నమ్మడం వేరు, ముందు సైటు దిగిపోవడం కళ్ళారా చూడటం వేరు. డమ్మీ మీద సైటు కదలనంత వరకూ ఆ వరస సాగనివ్వండి. మధ్యలో పది పన్నెండు ఖాళీ ట్రిగ్గర్ నొక్కులు పడితే ఇంకా మంచిది.

ఒక జాగ్రత్త. టిక్ అన్నప్పుడల్లా అది డమ్మీయేనని మీరు నిర్ధారించుకోకండి. అసలు రౌండే ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. మూతి టార్గెట్ వైపే ఉంచి ఆగండి, స్లైడు లాగడం ఇన్‌స్ట్రక్టర్ చెప్పాకే. డమ్మీయో కాదో తెలియదు కాబట్టి కనీసం 30 సెకన్లు అలాగే ఉంచాలి. ఇంకోటి, మామూలు మోత బదులు ఎప్పుడైనా బలహీనంగా "తుస్" మంటే వెంటనే ఆపేసి చెయ్యెత్తండి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక రెండోది పేల్చారంటే బ్యారెల్ చీలుతుంది.

ట్రిగ్గర్ సంగతి. వేలి మొదటి కణుపులో మెత్తటి భాగం మధ్య ట్రిగ్గర్ మీద ఆనాలి. గ్లాక్‌లో మొదట కొంత దూరం వదులుగా వచ్చి ఒక గోడ తగులుతుంది. ఆ గోడ దాకా రండి, అక్కడి నుంచి ఒత్తిడి పెంచుతూ పొండి. పేలాక వేలిని టపీమని తీసెయ్యకండి. ట్రిగ్గర్‌ని వెనక్కే పట్టి ఉంచి, ముందు సైటు మళ్ళీ గాడిలోకి దిగడం చూసి, అప్పుడు మెల్లగా వదిలితే క్లిక్ మంటుంది. తర్వాతి షాటు అక్కడి నుంచి. సైటు చూస్తూ ఎనిమిది పది సెకన్లు గడిచినా షాటు పడకపోతే చెయ్యి దించెయ్యండి. కన్ను అప్పటికే అలిసిపోయి, ఉన్నది లేనట్టు చూపిస్తుంది.

ఆరోజు ఎన్ని కాల్చాలన్నది కూడా ముఖ్యమే. కొత్తవాళ్ళకి మొత్తం 50 నుంచి 100 రౌండ్లు చాలు, అందులో ఎక్కువ భాగం .22. పాఠం ఆఖరున 9 ఎంఎం ఒక డబ్బా మొత్తం ఖాళీ చేయించే అలవాటు కొందరికి ఉంది, అది నాకు నచ్చదు. చేతులు అలిసిపోయాక ఒళ్ళు నేర్చుకునేది ఉలిక్కిపడటమే. 9 ఎంఎంతో మ్యాగజైన్‌లో ఒక్కో రౌండే పెట్టి పది కొట్టండి, 3 యార్డుల్లో. అంత దగ్గరా అని సిగ్గుపడక్కర్లేదు. ఒక తెల్ల కాగితం వెనక్కి తిప్పి, మధ్య చుక్క కూడా లేకుండా పెట్టి కొడితే దృష్టి ముందు సైటు మీదే ఉంటుంది.

---

గన్నవరం_బాబాయ్

మూర్తిగారు రోగం చెప్పారు, నేను పట్టు గురించి చెబుతా. పట్టు కుదిరితే ఆ రోగం తిరిగి రాదమ్మా.

కుడిచెయ్యి ఎంత పైకి వెళ్తే అంత మేలు. పిడి వెనక, స్లైడు కింద, పైకి వంపు తిరిగి ఉంటుంది చూడు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఆ వంపులో గట్టిగా కూరుకోవాలి. మధ్యలో ఖాళీ కనిపించకూడదు. బ్యారెల్ ఎత్తుకీ చేతికీ మధ్య దూరం ఎంత పెరిగితే తుపాకీ అంత ఎగురుతుంది. అంతకు మించి పైకి మాత్రం వద్దు, స్లైడు వెనక్కొచ్చి చర్మం కోస్తుంది.

కుడిచేత్తో పట్టుకున్నాక పిడికి ఎడమవైపు కొంత చోటు మిగులుతుంది. ఎడమ అరచేతి మడమ సరిగ్గా అక్కడ ఆనాలి. ఎడమ చూపుడువేలు ట్రిగ్గర్ గార్డు అడుగున నొక్కి ఉండాలి. గార్డు ముందువైపుకి వేలు చాపడం పాత అలవాటు, దానివల్ల పట్టు వదులవుతుంది. బొటనవేళ్ళు రెండూ ఎడమవైపునే, ఒకదాని మీద ఒకటి, టార్గెట్ వైపు చూస్తూ. ఎడమ బొటనవేలు పొరపాటున కూడా కుడిచేతి వెనక్కి, స్లైడు దారిలోకి పోకూడదు. ఇంకో మాట, ఈ బొటనవేళ్ళ పద్ధతి రివాల్వర్‌కి పనికిరాదు. సిలిండరుకీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి వేడి గ్యాసు పక్కకి చిమ్ముతుంది, వేళ్ళు కాలడమే కాదు, చర్మం చీలుతుంది. రివాల్వర్‌కి బొటనవేళ్ళు వెనక్కి మడిచి, ఒకదాని మీద ఒకటి.

ఎంత గట్టిగా అంటే, కుడిచెయ్యి మామూలుగా, ఎడమచెయ్యి దానికన్నా గట్టిగా. కుడిచెయ్యి మరీ బిగిస్తే చూపుడువేలు విడిగా కదలదు. మణికట్లు మాత్రం తాళం వేసినట్టుండాలి. మణికట్టు వదులైతే స్లైడు పూర్తిగా వెనక్కి పోదు, ఖాళీ తూటా బయటికి పడకుండా నిలువుగా ఇరుక్కుంటుంది. అద్దె తుపాకీ చెడిపోయిందనుకుంటారు చాలామంది.

నిలబడటం: పాదాలు భుజాల వెడల్పు, మోకాళ్ళు కొంచెం సడలించి, బరువు పాదాల ముందు భాగంలో. తుపాకీని చేతులు చాచి పట్టుకోగానే కొత్తవాళ్ళు తెలియకుండానే నడుము వెనక్కి వంచుతారు. అలా ఉంటే తన్ను వచ్చినప్పుడల్లా ఒక అడుగు వెనక్కి పడుతుంది. భుజాలు తుంటి కన్నా ముందుండాలి, అంతే.

స్లైడుకి బలం కాదమ్మా కావాల్సింది. తుపాకీని ఛాతీకి దగ్గరగా తెచ్చుకో. ఎడమ అరచెయ్యి మొత్తం స్లైడు వెనక భాగం మీద పైనుంచి కప్పి, నాలుగు వేళ్ళతో పట్టుకో. ఇప్పుడు ఎడమచెయ్యి కదపకుండా, కుడిచేత్తో పిడిని ముందుకి తొయ్యి. చివరిదాకా వచ్చాక వదిలెయ్యి, స్ప్రింగే ముందుకి తీసుకెళ్తుంది. చేత్తో పట్టి నెమ్మదిగా ముందుకి దింపావో, రౌండు సరిగా కూర్చోదు. ఈ పని చేసేటప్పుడు తుపాకీ అడ్డంగా తిరిగి మూతి పక్క లేన్ వైపు చూస్తుంది. అక్కడ జాగ్రత్త. ఒళ్ళు కొంచెం పక్కకి తిప్పు, మూతి మాత్రం టార్గెట్ వైపే. వేలు ట్రిగ్గర్ మీద వద్దు.

ఆడవాళ్ళని చూడగానే పర్సులో పట్టే బుల్లి పిస్టల్ చేతిలో పెట్టే దుకాణాలున్నాయి. దాన్ని తీసుకోకు. అదే తూటా, బరువు సగం, కాబట్టి తన్ను ఎక్కువ. పట్టుకోవడానికి చోటూ ఉండదు. నేర్చుకోవడానికి పెద్దదే సుఖం. గ్లాక్ స్లైడు మరీ బిగువనిపిస్తే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ అని ఉంది, స్లైడు తేలిగ్గా వచ్చేలానే తయారుచేశారు. అద్దెకి దొరికితే ఒకసారి చూడు.

ఒళ్ళు బిగుసుకోవడానికి సగం కారణం చెవి. 9 ఎంఎం మోత 155, 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది. 140 దాటితే ఒక్క దెబ్బకే చెవికి హాని. ఇండోర్‌లో గోడలకి కొట్టి తిరిగొస్తుంది కూడా. నురగ ప్లగ్గులు లోపల, వాటి మీద మఫ్స్, రెండూ పెట్టుకో. ప్లగ్గుని సన్నగా నలిపి, చెవి పైభాగం పైకి లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. సగం బయటికి కనబడుతుంటే పెట్టుకోనట్టే. ఎలక్ట్రానిక్ మఫ్స్ అయితే మాట వినిపించి మోత ఆగుతుంది, మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పేది వినబడట్లేదన్న బాధ తీరుతుంది. పక్క లేన్‌లో రైఫిల్ కాలుస్తుంటే మొహమాటపడకుండా లేన్ మార్చమను. ఆ దెబ్బకి ఎవరైనా ఉలిక్కిపడతారు.

బట్టలు: మెడ దాకా ఉండే టీషర్టు, ముందు మూసిన బూట్లు, టోపీ. చున్నీ ఇంట్లో పెట్టేసి రా. వేడి ఖాళీ తూటా మెడలోంచి లోపల పడితే మనిషి గెంతుతాడు, చేతిలో తుపాకీ ఉంటుంది, మూతి ఎటు తిరుగుతుందో తెలియదు. పడితే పడనీ. ముందు తుపాకీ బెంచీ మీద పెట్టి, తర్వాత దులుపుకో.

అలాగే సందేహం అడగడానికి తుపాకీతో సహా వెనక్కి తిరగడం. కొత్తవాళ్ళు చేసే తప్పుల్లో రేంజ్ ఆఫీసర్లు హడలిపోయేది దీనికే. "సర్" అని పిలిచే ముందే తుపాకీ కింద పెట్టడం అలవాటు చేసుకో.

మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒకటి. రేంజ్ గాలిలో, తూటాల మీద సీసం ఉంటుంది. మనం చేత్తో అన్నం తింటాం. బయటికి రాగానే చల్లటి నీళ్ళతో, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో. సీసం తుడిచే ప్రత్యేకమైన వైప్స్ కూడా దొరుకుతాయి. రేంజ్ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. కడుపుతో ఉన్నవాళ్ళు ఇండోర్ రేంజ్‌కి అసలు వెళ్ళకూడదు, సీసం, మోత, రెండిటివల్లా.

---

వీసా_వెంకట్

మరిదిగారి సంగతి ఎవరూ ముట్టుకోలేదు. ముందు అదే చూడాలి కదా.

ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు (హెచ్1బి, హెచ్4, ఎఫ్1, ఎల్1, బి1/బి2 అందరూ) తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. "కొనకూడదు" మాత్రమే అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. రేంజ్‌లో అద్దెకి తీసుకుని పది నిమిషాలు చేతిలో పట్టుకున్నా అది "ఉంచుకోవడం" కిందికే వస్తుంది. మీరు అద్దెకి తీసుకుని ఆయన చేతికిచ్చినా అంతే, పైగా మీకూ చిక్కే.

మినహాయింపులు కొన్ని ఉన్నాయి. ఎక్కువగా వాడేది ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. టెక్సస్‌లో అది పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇస్తుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు నియమం కూడా ఉంది. లైసెన్సు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది, ఆ తేదీ చూసుకోవాలి. రేంజ్‌వాళ్ళు చూపించమంటారు, కొన్నిచోట్ల వీసా మీద ఉన్నవాళ్ళని లైసెన్సున్నా రానివ్వరు, అది వాళ్ళిష్టం. కౌంటర్లో ఎవరూ అడగలేదు కాబట్టి ఫర్వాలేదనుకోకండి. తుపాకీ కేసు పడితే వీసా, తర్వాత గ్రీన్‌కార్డు, రెండూ పోయే ప్రమాదం ఉంటుంది. సంతకం పెట్టే ఫారంలో వీసా గురించి అడిగితే నిజమే రాయాలి. అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒక ఫోను చేయించండి. అప్పటిదాకా మరిదిగారు అద్దం అవతల కూర్చుని చూడొచ్చు.

మీ ఇద్దరికీ గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఈ అడ్డు లేదు.

---

పది_మీటర్లు

హైదరాబాద్ నుంచి. మేం కాల్చేది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, దాని పద్ధతి వేరు. ఒంటిచెయ్యి, తుపాకీ బరువు 1500 గ్రాములు మించకూడదు, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు, 75 నిమిషాల్లో 60 షాట్లు. 10 పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లే. పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్‌కి కాంస్యం వచ్చింది ఇందులోనే. పద్మగారి గ్లాక్‌కి మా లెక్కలు అన్నీ సరిపోవు గానీ కొన్ని సరిపోతాయి.

ఒకటి, షాటు చెప్పడం. ట్రిగ్గర్ విడిపోయిన క్షణంలో ముందు సైటు ఎక్కడుందో ఫొటో తీసినట్టు పట్టుకుని, టార్గెట్ చూడకముందే "రెండు గంటల దిశలో, ఎనిమిది" అని (గడియారంలో రెండు ఉండే వైపు, ఎనిమిది పాయింట్ల వలయం అని) పైకి చెప్పాలి. తర్వాత చూడాలి. చెప్పినదీ పడినదీ కలిస్తే, షాటు చెడ్డదైనా సరే, మీరు చూస్తున్నారని అర్థం. కలవలేదంటే ఆ క్షణంలో కళ్ళు మూశారు, లేదా టార్గెట్ వైపు చూపు పారిపోయింది. ప్రతి షాటుకీ తల పక్కకి వంచి రంధ్రం ఎక్కడ పడిందో వెతుక్కునే అలవాటు ఉంటే ఇది ఎప్పటికీ రాదు. అయిదు షాట్లు పూర్తయ్యాకే టార్గెట్ చూడండి.

రెండు, ఏ కన్ను బలమైనదో చూసుకున్నారా? రెండు చేతులు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ మీది స్విచ్చు చూడండి. ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు స్విచ్చు కనిపిస్తుందో అదే బలమైన కన్ను. కుడిచేతి వాటం, ఎడమ కన్ను బలం అయితే చెయ్యి మార్చక్కర్లేదు. తుపాకీని రెండంగుళాలు ఎడమకి జరిపి ఆ కన్ను కిందికి తెచ్చుకుంటే చాలు. తల తుపాకీ దగ్గరికి వంచొద్దు, తుపాకీయే కంటి దగ్గరికి రావాలి.

మూడు, ఇక్కడ మూర్తిగారితో కొంచెం పేచీ. టార్గెట్ మీద రాసి ఉండే చక్రం బొమ్మ ఉంటుంది, కిందికి పోతే ఇది, ఎడమకి పోతే అది అని. ఆ చక్రం చేసింది ఒంటిచేత్తో కాల్చేవాళ్ళ కోసం. రెండు చేతులతో పట్టినప్పుడు అది సగం తప్పు చెబుతుంది. ఆయన మాత్రం "మూడు వేళ్ళూ ముడుచుకుంటే ఎడమకీ కిందికీ" అని దాదాపు అదే చెప్పారు. ఎడమచెయ్యి పట్టు వదులుగా ఉన్నా అలాగే పడుతుంది. చెయ్యి చూడకుండా, కాగితం మీది రంధ్రాలు చూసి కారణం చెప్పడం కష్టం.

ఇంట్లో తుపాకీ లేకపోయినా చేసేవి ఉన్నాయి. శిక్షణ కోసం నీలం ప్లాస్టిక్ డమ్మీ పిస్టళ్ళు దొరుకుతాయి, కదిలే భాగాలేవీ ఉండవు. ఖాళీ గోడకి ఎదురుగా నిలబడి దాన్ని ఎత్తడం, పట్టు పడటం, సైట్లు వరసలోకి తేవడం, దించడం. పది నిమిషాలు చాలు. కళ్ళు మూసుకుని ఎత్తి, తెరిచి చూడండి. సైట్లు ఎటు పక్కకి పోయి ఉంటే పాదాలు అటు నుంచి సర్దుకోవాలి, చేతులు తిప్పి సరిచెయ్యొద్దు. లీటరు నీళ్ళ సీసా చేతులు చాచి అర నిమిషం పట్టుకోవడం భుజానికి మంచిది. ఆ నీలం పిస్టల్‌ని కూడా బొమ్మేగా అని మనుషుల వైపు ఎప్పుడూ ఎత్తొద్దు. బొమ్మతో పడిన అలవాటే అసలుదాని దగ్గరా వస్తుంది.

---

రేంజ్_మూర్తి

పది_మీటర్లు గారూ, ఒప్పుకుంటున్నా. అందుకే డమ్మీ రౌండ్ల పరీక్షలో ఇన్‌స్ట్రక్టర్ కాగితం చూడకూడదు, పక్కన నిలబడి చేతులు చూడాలి. డమ్మీ మీద మూతి దిగితే భయం. మూతి దిగకుండా పక్కకి మెలితిరిగితే వేలో, ఎడమచెయ్యో. అప్పుడు ఇన్‌స్ట్రక్టరే తన వేలితో ట్రిగ్గర్ నొక్కి, మీరు తుపాకీ పట్టుకుని గురి మాత్రం చూసుకునే పద్ధతి ఉంది. షాట్లు మధ్యలోకి వచ్చేస్తే తప్పు వేలిదేనని తేలిపోతుంది. ఈ పని ఇన్‌స్ట్రక్టర్ మాత్రమే చెయ్యాలి, మొగుడూ పెళ్ళాం ఒకరికొకరు ప్రయోగించుకోవద్దు.

ఖాళీ తుపాకీతో ముందు సైటు మీద రూపాయి బిళ్ళంత నాణెమో, ఖాళీ తూటానో నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కించమనండి. పడకుండా పదిసార్లు నొక్కగలిగితే వేలు దారిలోకొచ్చినట్టే. గ్లాక్‌ని ఇలా ఖాళీగా నొక్కినా ఏం కాదు, కానీ ఒక్కో నొక్కుకీ స్లైడు కొంచెం లాగాలి. .22 తుపాకులు అన్నీ అలా కాదు. కొన్నిటిలో తూటాని కొట్టే పిన్ను ఛాంబర్ (తూటా కూర్చునే గది) అంచుకి కొట్టుకుని గంటు పడుతుంది, మాన్యువల్ చూడందే ఖాళీగా నొక్కొద్దు.

---

ప్లానో_పద్మ

అందరికీ చాలా థాంక్సండీ. మరిదికి వెంకట్‌గారి జవాబు పంపించేశాను, రావట్లేదు. డమ్మీ టిక్ అన్నప్పుడు సైటు దిగిపోవడం కళ్ళారా చూశాను. ఇన్‌స్ట్రక్టర్ నవ్వి, ఇదే చెప్పాలనుకున్నా అన్నారు. ఒక్కో రౌండూ పెట్టి కొడితే ఎడమకి పోవడం తగ్గింది, కిందికి మాత్రం అప్పుడప్పుడూ.

కొత్త సందేహం. ఆఖరి రౌండు అయిపోగానే స్లైడు వెనకే ఆగిపోవాలి కదా. ఇన్‌స్ట్రక్టర్ కాలిస్తే ఆగుతోంది, నేను కాలిస్తే మూసుకుపోతోంది. ఖాళీ అయిందని తెలియక మళ్ళీ ట్రిగ్గర్ నొక్కేస్తున్నాను. మ్యాగజైన్ తేడానా?

---

గన్నవరం_బాబాయ్

మ్యాగజైన్ కాదమ్మా, నీ కుడి బొటనవేలు. స్లైడుని వెనక ఆపే చిన్న మీట పిడికి ఎడమవైపు పైన, సరిగ్గా బొటనవేలు ఆనేచోట ఉంటుంది. మ్యాగజైన్ ఖాళీ కాగానే అది పైకి లేవాలి, నీ వేలు దాని మీద బరువేసి లేవనివ్వట్లేదు. కుడి బొటనవేలిని ఎడమ బొటనవేలి మొదట్లో ఉండే కండ మీద ఆనించు, తుపాకీకి తగలకుండా. అప్పుడు ఒకే రౌండు పెట్టి అయిదుసార్లు కొట్టి చూడు. అన్నిసార్లూ స్లైడు వెనక ఆగితే అదే కారణం. అప్పటికీ మూసుకుపోతుంటే మణికట్టు వదులుగా ఉందేమో చూడమను, స్లైడు మీట దాకా రాకుండానే తిరిగిపోతూ ఉండొచ్చు.

స్లైడు ఎలా ఉన్నా సరే, బెంచీ మీద పెట్టే ముందు మ్యాగజైన్ తీసి, స్లైడు వెనక్కి లాగి మీట చేత్తో ఎత్తి ఆపి, ఛాంబర్‌లోకి కళ్ళతో చూసి, చిటికెనవేలితో తడిమి మరీ పెట్టు. మ్యాగజైన్ ముందు తియ్యి, స్లైడు తర్వాత. తిరగేసి చేస్తే కొత్త రౌండు లోపలికెక్కి కూర్చుంటుంది.